మా బర్రె మళ్లీ పొర్లింది

ముప్పై మూడేళ్లు ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పాను. నా పాఠం వినకుండానే బాగుపడ్డ పిల్లలు చాలామంది ఉన్నారు. వాళ్లలో కొందరు ఇప్పటికీ ఇంట్లో శుభకార్యం అయితే కార్డు పంపిస్తారు. నా పాఠం శ్రద్ధగా విని, చెప్పింది చెప్పినట్టు నేర్చుకుని, పూర్తిగా చెడిపోయింది మాత్రం ఒక్కటే. అది మనిషి కాదు, కంప్యూటరు ప్రోగ్రాము. దాన్ని ఎలా చెడగొట్టానో, మళ్లీ ఎలా దారికి తెచ్చానో చెబుతాను. ఇప్పుడిప్పుడే ప్రయోగశాలల్లో అడుగుపెడుతున్న పిల్లలు వినాలని నా కోరిక. మధ్యలో నవ్వు వస్తే ఆపుకోవద్దు. ఆ రోజుల్లో నాకు నవ్వే ధైర్యం లేకపోయింది.

రిటైర్మెంటుకు ఏడాదిన్నర ఉందనగా మాకు ఒక ఉమ్మడి పరిశోధన వచ్చింది. ఎలక్ట్రానిక్స్ నుంచి నేను, కంప్యూటర్ విభాగం నుంచి ఒక పరిశోధక విద్యార్థిని, మెటీరియల్స్ నుంచి ఒకాయన, పశువైద్య కళాశాల నుంచి ఒక ఆచార్యుడు. పని ఏమిటంటే గేదె మెడకు ఒక పట్టీ కట్టాలి. అందులోని పరికరం గేదె ఎన్ని అడుగులు వేసింది, ఎంతసేపు నెమరు వేసింది, ఎన్నిసార్లు లేచి పడుకుంది, ఒంటి వేడి ఎంత ఉంది అని రాసుకుని ఫోన్ టవర్ల మీదుగా మాకు పంపిస్తుంది. వాటిని చూసి గేదె ఎప్పుడు ఎదకు వచ్చిందో ప్రోగ్రాము చెప్పాలి. ఎద అంటే చూడి కట్టడానికి గేదె సిద్ధమయ్యే సమయం. అది ఒక్క రోజు ఉంటుంది. ఆ రోజు దాటితే మళ్లీ ఇరవై ఒక్క రోజులు ఆగాలి.

ఇందులో ఏముంది, గేదె అరుస్తుంది కదా అనుకోకండి. మా పల్నాడు ఎండల్లో గేదె అరవదు. ఎదకు వచ్చినా పైకి ఏమీ కనపడదు. దాన్ని మూగెద అంటారు. ఏదో తేడాగా ఉందని రైతు పోల్చుకునేసరికి సమయం మించిపోతుంది. చూడి కట్టడానికి సూది వేయిస్తారు, నిలవదు. ఒక ఏడాది పోతుంది, రెండో ఏడాది పోతుంది, ఆ గేదెకు గొడ్డు గేదె అని పేరు పడుతుంది. ఆ పేరు పడ్డ గేదె చివరికి కబేళా లారీ ఎక్కుతుంది.

మెటీరియల్స్ ఆయన చేసిన మొదటి డబ్బాలు రెంటచింతల ఎండకు వంగిపోయాయి. రెండో రకాన్ని గేదెలు నాపరాళ్ల గోడలకు రుద్ది పగలగొట్టాయి. మూడో రకం నిలిచింది. రెంటచింతల, గురజాల, దుర్గి చుట్టుపక్కల పదిహేడు గేదెలకు కట్టాం.

పశువైద్య ఆచార్యుణ్ణి మేమంతా డాక్టరుగారు అనేవాళ్లం. తక్కువ మాట్లాడే మనిషి. మాట్లాడితే గుచ్చుకునేలా మాట్లాడతాడు. "మీరు గేదెను చూడరండీ, గేదె గీసిన గీతల్ని చూస్తారు," అన్నాడు మొదటి సమావేశంలోనే. నాకు ఒళ్లు మండింది. నేను కూడా తక్కువ దాన్ని కాదు. "మీరు ఇన్నేళ్లుగా గేదెల్నే చూస్తున్నారుగా, మూగెద పట్టుకున్నారా?" అన్నాను. ఆ తర్వాత ఆయన, నేను ఒకరితో ఒకరు పట్టికల ద్వారానే మాట్లాడుకున్నాం. ఆ పట్టికలు ఇంగ్లీషులో ఉండేవి. ఈ విషయం మాత్రం గుర్తుపెట్టుకోండి.

ప్రోగ్రాముకు నేర్పడం అంటే చిన్నపిల్లలకు బొమ్మలు చూపించి ఇది కుక్క, ఇది పిల్లి అని చెప్పడమే. ఏ రోజు గేదె ఏం చేసిందో ఎవరో ఒకరు చెప్పాలి. అందుకని గేదెల వాళ్లు రోజూ సాయంత్రం ఫోన్లో రెండు మాటలు మాట్లాడి పంపేలా ఏర్పాటు చేశాం. ఆ మాటల్ని అక్షరాల్లోకి మార్చడానికి ఒక సాఫ్ట్‌వేర్ పెట్టాం గానీ, అది మా పల్నాటి మాట వినగానే బిత్తరపోయేది. మా పరిశోధక విద్యార్థిని హైదరాబాదులో పుట్టి పెరిగిన పిల్ల. "మేడం, వీళ్లు కోప్పడుతున్నారా, మామూలుగా మాట్లాడుతున్నారా?" అని అడిగేది.

"ఇవతల పెట్టు. ఆ మాటలన్నీ నేనే విని రాస్తాను. నేను పేటలో పుట్టిన దాన్ని. ఇది నా భాష," అన్నాను.

నరసరావుపేటలో పుట్టిన మాట నిజమే. మా నాన్నకు బట్టల కొట్టు. పాలు మా ఇంటికి గిన్నెలోకి వచ్చేవి. గేదె అనేది రిక్షాకు అడ్డం వచ్చే జంతువుగానే నాకు పరిచయం. అయినా భాష నాదన్నాను. రోజూ సాయంత్రం చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఆ పదిహేడు మందీ పంపిన మాటలు విని, పట్టికలో గడులు నింపేదాన్ని. "మేత సరిగా మేయలా" అంటే ఒక గడి. "ఎదకొచ్చింది" అంటే ఒక గడి. "మా బర్రె పొర్లింది మేడం" అంటే ఇంకొక గడి. ఆ గడికి వాలోయింగ్ అని పేరు పెట్టాను. గేదె కదా, బురదలో పొర్లుతుంది. చిన్నప్పుడు బొమ్మల పుస్తకంలో చూశాను.

పొర్లింది అనే కబురు మూడు ప్రాంతాల నుంచీ వచ్చేది. రెంటచింతల పక్క ఊళ్లో ఒకావిడ దగ్గర్నుంచైతే మరీ ఎక్కువ. "మా బర్రె మళ్లీ పొర్లింది మేడం," అనేది. గొంతులో దిగులు ఉండేది. ఇల్లంతా బురద చేసిందేమోలే అనుకున్నాను.

విద్యార్థిని ఒకసారి అడిగింది. "మేడం, అక్కడ తాగడానికే నీళ్లు లేవంటున్నారు. బురద ఎక్కడిది?"

"గేదె తలుచుకుంటే బురద దొరక్కపోతుందా? నువ్వు లెక్కలు చూసుకో," అని కసిరాను. ఆ పిల్ల మళ్లీ అడగలేదు. పెద్దవాళ్లం కసిరితే పిల్లలు ఏ ప్రశ్నలు మింగేస్తారో ఆలోచిస్తే ఇప్పుడు నాకు భయం వేస్తుంది.

మొదటి సమీక్షలో నా నివేదికలో ఒక పేరా రాశాను. ఈ ప్రాంతపు గేదెలకు పొర్లే అలవాటు అధికమనీ, ఎండ తీవ్రతే అందుకు కారణమనీ. సమీక్ష సంఘం అధ్యక్షుడు ఆ పేరా దగ్గర ఆగి, "ఇది చాలా ఆసక్తికరంగా ఉంది," అని మెచ్చుకున్నాడు. డాక్టరుగారు పట్టిక తిరగేసి, "రెంటచింతలలో ఇంత వాలోయింగా?" అని గొణిగి ఊరుకున్నాడు. ఆయన చూసింది నేను రాసిన ఇంగ్లీషు మాటను. ఆ మాట పలికిన గొంతును ఆయన వినలేదు.

అక్కడి నుంచి మా ప్రోగ్రాము మొద్దుబారడం మొదలైంది. మొదట్లో కాస్తో కూస్తో పట్టుకునేది. నేర్పిన కొద్దీ ఏమీ పట్టుకోవడం మానేసింది. విద్యార్థిని తెరముందు తల పట్టుకుని కూర్చునేది.

"మేడం, మీరు వాలోయింగ్ అని రాసిన రోజుల చుట్టూ ఇది పదే పదే ఎద, ఎద అంటోంది. తప్పు అని చెబుతున్నా వినడం లేదు."

"గట్టిగా చెప్పు. వినేదాకా చెప్పు," అన్నాను.

వినేదాకా చెప్పింది. అది విన్నది. రెండో సమీక్ష నాటికి పదిహేడు గేదెల్లో ఒక్కదాని ఎదను కూడా పట్టుకోలేని స్థితికి వచ్చింది. అధ్యక్షుడు ఈసారి ఏ పేరాను మెచ్చుకోలేదు. "నాలుగు నెలలు చూద్దాం. అప్పటికీ ఇలాగే ఉంటే పట్టీలు విప్పుకొచ్చి ఫైలు మూసేయండి," అన్నాడు. ఉద్యోగంలో చివరి పని ఇలా ముగుస్తుందా అని ఇంటికి వెళ్లి ఏడ్చాను. ఎవరికీ చెప్పలేదు.

ఆ వారంలోనే రెంటచింతల పక్క ఊరి ఆవిడ ఫోన్ చేసింది. "మేడం, మీ పట్టీ మీరు విప్పుకుపోండి. బర్రెను అమ్మేస్తున్నాం." గొంతు చాలా పొడిగా ఉంది. విద్యార్థినిని పంపిద్దామనుకుని, ఎందుకో నేనే బస్సెక్కాను.

పిడుగురాళ్ల సున్నం దుమ్ము, గురజాల దాటాక వడగాలి, అన్నీ తిని పదకొండింటికి ఆ ఊళ్లో దిగాను. ఇంటి ముందు రేకుల చావిడి, నాపరాళ్ల గోడ. ఆ గోడ నీడలో నల్లగా నిగనిగలాడుతూ గేదె. గొడ్డుపోయిన గేదె లక్షణం ఒక్కటీ నాకు కనపడలేదు, కనపడినా నాకు తెలియదనుకోండి. ఆవిడ భర్త మంచం మీద కూర్చుని తాడు పేనుతున్నాడు. నన్ను చూసి తలూపాడు, అంతే. ఆవిడ చెంబుతో మజ్జిగ తెచ్చింది.

"మంచి గేదె కదమ్మా, ఎందుకు అమ్ముతున్నారు?" అన్నాను.

"ఎందుకేంది మేడం? మీకు తెలవదా?" ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "నాలుగుసార్లు ఫోన్లో చెప్పా. పొర్లింది, పొర్లింది, మళ్లీ పొర్లింది అని. ఒక్కసారన్నా ఏందమ్మా అని అడిగారా? యూనివర్సిటీవాళ్లు గదా, ఏదో ఒకటి చేస్తార్లే అని చానా ఆశ పెట్టుకున్నా."

"పొర్లితే మంచిదేగా, ఒళ్లు చల్లబడుతుంది," అన్నాను.

తాడు పేనే చెయ్యి ఆగింది.

"ఏందీ?" అంది ఆవిడ.

"అదే... బురదలో పొర్లితే..."

ఆవిడ నా మొహంలోకి చూసింది. మంచం పట్టె పట్టుకుంది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు, నేల మీద కూలబడి నవ్వింది.

"ఏమే, మేడం ఏమంటంది?" అన్నాడు భర్త.

"బురదంటయ్యా! మన బర్రె బురదలో పొర్లిందని రాసుకుందంట!"

ఆయన తాడు పక్కన పెట్టాడు. "బురద యాడుంది మేడం ఈ ఊళ్లో? మాకు తాగేదానికే ట్యాంకర్ రావాల. పొర్లటం అంటే అది కాదు. సూది వేపిచ్చినాక చూడి నిలవకుండా బర్రె మళ్లీ ఎదకొస్తే పొర్లింది అంటాం. ఎవురికైనా తెలుసే ఆ మాట!"

ఎవరికైనా తెలుసు. చేతిలో మజ్జిగ చెంబు అలాగే ఉంది. ఒక్కొక్కటే అర్థమవుతూ వచ్చింది. మేము వెతుకుతున్నది ఎద కోసం. ఈ పదిహేడు మందీ ఫోన్ చేసి ఇదిగో ఎద, ఇదిగో ఎద అని చెబుతూనే ఉన్నారు. నేను ఆ మాటను తీసుకెళ్లి బురద గడిలో వేశాను. పాపం ఆ ప్రోగ్రాము తనంతట తానే కనిపెట్టి చెప్పబోతే, నోరు మూసుకోమని నేర్పించాను. మూగెదను పట్టుకోవడానికి యంత్రం చేసి, ఆ యంత్రాన్నే మూగదాన్ని చేశాను.

ఆవిడ నవ్వు ఆగిపోయింది. "అయితే ఇన్నాళ్లూ నేను చెప్పింది మీకు ఎక్కనే లేదా మేడం?"

తల కొట్టేసినట్టయింది. సమీక్షలో అన్న మాటలేవీ నన్ను అంతగా బాధపెట్టలేదు. "ఎక్కలేదమ్మా. తప్పు నాది," అన్నాను. ముప్పై మూడేళ్లలో ఆ మాట నేను ఎవరితోనైనా అన్నానా అని గుర్తు చేసుకుంటే ఒక్కటీ గుర్తు రాలేదు.

గేదె సంగతి అప్పుడు చెప్పింది. వాళ్లమ్మ పెట్టిన దూడట. చేత్తో పాలు తాగించి పెంచింది. ఒక ఈత ఈనింది, ఆ తర్వాత పాలు ఇగిరిపోయాయి, రెండేళ్లుగా నిలవడం లేదు. ఇంట్లో పాడి అదొక్కటే. "గొడ్డు బర్రెను పాడికి ఎవురు కొంటారు మేడం? కోతకే పోద్ది," అని మొహం పక్కకు తిప్పుకుంది. పోయినసారి పొర్లి ఐదు రోజులైందట. నేను వేళ్ల మీద లెక్క వేశాను. ఇంకో పదహారు రోజులు.

"ఇంకొక్క ఎద దాకా ఆగండి," అని అడిగాను. ఏ ధైర్యంతో అడిగానో ఇప్పటికీ తెలియదు.

"నాలుగు ఎదలు ఆగాం," అన్నాడు ఆయన.

"ఐదోది కూడా ఆగుదాం," అంది ఆవిడ.

"సరే, ఈ ఒక్కసారే. ఇది కూడా తప్పిపోతే లారీ ఎక్కిస్తా. అప్పుడు మేడం వచ్చినా, మేడం వాళ్ల మేడం వచ్చినా ఆపను."

పట్టీ విప్పకుండానే వచ్చేశాను. బస్‌స్టాండులో నిలబడే డాక్టరుగారికి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను. అవతల గుర్రు లాంటి శబ్దం ఒకటి వినపడింది. ఆయన నవ్వుతున్నాడు. నవ్వడం కూడా వచ్చని నాకు అప్పుడే తెలిసింది.

"వాలోయింగ్!" అన్నాడు ఊపిరి తీసుకుని. తర్వాత గొంతు తగ్గించాడు. "నాకూ ఉందిలెండి తప్పు. పొర్లడం అనే మాటతోనే నేను సగం జీవితం గడిపాను. ఒక్కరోజు ఆ ఫోన్ మాటలు నేనూ విని ఉంటే అయిపోయేది. మీతో మాట్లాడాల్సి వస్తుందని వినలేదు." మర్నాడు పొద్దున్నే మా ల్యాబులో ఉన్నాడు.

ముగ్గురం కూర్చుని మొదటి రోజు నుంచీ అన్ని మాటలూ మళ్లీ విన్నాం. ఒక్కో మాట వినడం, డాక్టరుగారు అర్థం చెప్పడం, విద్యార్థిని గడి మార్చడం. "తీగ వేసింది అంటే?" "చూడి విదిలించింది అంటే?" అని ఆ పిల్ల ప్రతి మాటా అడిగింది. ఈసారి కసిరే నోరు నాకు లేదు. వారం పట్టింది. వాలోయింగ్ గడిలో చివరికి రెండే మిగిలాయి. అవి నిజంగానే బురదలో పొర్లిన గేదెలు, దుర్గి పక్కన చెరువున్న ఊళ్లోవి.

ప్రోగ్రాముకు మళ్లీ మొదటి నుంచీ నేర్పాం. ఫలితం వచ్చినప్పుడు నేను క్లాసులో ఉన్నాను. విద్యార్థిని చెప్పులు కూడా లేకుండా వరండాలో పరిగెత్తుకుంటూ వచ్చింది. "మేడం, పట్టుకుంటోంది! వాళ్లు పొర్లిందని చెప్పిన రోజు కాదు, అంతకుముందు రోజే పట్టుకుంటోంది!" మనిషి కంటికి తేడా తెలియడానికి ఒక రోజు ముందే. ఆ ఒక్క రోజే కదా మాకు కావలసింది! నలభై మంది పిల్లల ముందు ఆ పిల్లను కావలించుకున్నాను. వాళ్లు దేనికో తెలియకుండానే చప్పట్లు కొట్టారు.

కానీ అవన్నీ గడిచిపోయిన రోజుల గీతలు. జరిగినదాన్ని జరిగాక చెప్పడం వేరు. రెంటచింతల పక్కన ఒక గేదె ముందు రోజులు తరిగిపోతున్నాయి.

పదహారో రోజు వచ్చింది. పట్టీ ఉలకలేదు, పలకలేదు. ఆవిడ భర్త ఆ సాయంత్రం ఫోన్ చేసి, సోమవారానికి లారీ మాట్లాడానని చెప్పాడు. మర్నాడు ఆదివారం. పొద్దున ఆరు గంటలకు నా ఫోన్ మోగింది. ప్రోగ్రాము పంపిన కబురు. ఆ గేదె నంబరు, దాని కింద ఒకటే మాట: ఎద.

వెంటనే వాళ్లింటికి ఫోన్ చేశాను. ఆవిడ చర్చిలో పూజకు వెళ్లిందట, భర్త ఎత్తాడు. "దానికేం లేదు మేడం. నిమ్మళంగా మేస్తంది," అన్నాడు. డాక్టరుగారి కారులో తొమ్మిదిన్నరకల్లా చేరాం. ఆయన గేదె చుట్టూ తిరిగాడు, తోక ఎత్తి చూశాడు, భుజం దాకా తొడుగు వేసుకుని చెయ్యి పెట్టి చూశాడు. నేను ఆయన మొహమే చూస్తున్నాను.

"అరుపు లేదు, తీగలా కారే జిగురూ లేదు. గర్భసంచి కాస్త బిగుతుగా ఉందేమో అనిపిస్తోంది. ఎద అని నేనైతే ప్రమాణం చేయను," అన్నాడు.

పొద్దున ఎద కనపడితే సాయంత్రం సూది వేయాలన్నది పద్ధతి. కాబట్టి సాయంత్రం దాకా ఆగాలి. చావిడిలో కూర్చున్నాం. ఎండకు రేకులు టపటపమంటున్నాయి. గంటకోసారి వెళ్లి గేదెను చూడడం, అది మమ్మల్ని ఒకసారి చూసి నెమరు వేసుకోవడం. నా జీవితంలో అంత నిర్లక్ష్యమైన చూపు ఏ ఇంటర్వ్యూలోనూ చూడలేదు. ఫోన్ తెరమీద మాత్రం గీత పైకే పోతోంది. దాని అడుగులు మామూలుకంటే ఎక్కువ, నెమరు మామూలుకంటే తక్కువ. కంటికి అందనంత తేడా.

ఐదింటికి డాక్టరుగారు మళ్లీ చూశాడు. తల అడ్డంగా ఊపాడు. "ఎద లేని గేదెకు వేస్తే వృథా అమ్మా. తర్వాత నన్ను అనొద్దు."

భర్త నా వైపు చూశాడు, నేను నేల వైపు చూశాను. చెప్పాల్సింది నేనే, కానీ ధైర్యం చాలలేదు. ఒకసారి ఇదే గేదె విషయంలో అంత గట్టిగా తప్పు చెప్పిన దాన్ని. అప్పుడు ఆవిడ ముందుకు వచ్చింది. పూజకు కట్టుకున్న చీర ఇంకా మార్చుకోలేదు.

"ఒక్క మాట చెప్పు మేడం. నేను పొర్లింది అన్న మాట ఇప్పుడు మీ యంత్రానికి తెలుసా?"

"తెలుసు. నీ మాటలతోనే నేర్చుకుంది," అన్నాను.

"అయితే వేయండి సార్," అంది డాక్టరుగారితో. "అది నా మాట విని చెబుతంది. నేను నమ్ముతా."

ఆయన సూది సిద్ధం చేశాడు. పని అయ్యాక చేతులు కడుక్కుంటూ, ఈ ఎండలకు నిలవాలంటే రోజూ మధ్యాహ్నం తడి గోనె గోతాలు కప్పాలన్నాడు. "నీళ్లెవరు మోస్తారు సార్, మా తాతా?" అని భర్త విసుక్కున్నాడు. సోమవారం లారీ మాట ఎవ్వరమూ ఎత్తలేదు. ఎత్తితే ఏమంటాడో అని నాకు భయం.

లారీ రాలేదు. సరిగ్గా మూడు వారాలకు సాయంత్రం ఆవిడ కబురు వచ్చింది. "మేడం, బర్రె పొర్లలా." అంతే. ఆ మూడు ముక్కలూ ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. పట్టీ కూడా ఎద అనలేదు. డాక్టరుగారు మాత్రం, "మూగెద గేదె కదా, పొర్లినా తెలియకపోవచ్చు. చెయ్యి పెట్టి చూసేదాకా నేనేమీ చెప్పను," అన్నాడు.

ఈలోగా మూడో సమీక్ష వచ్చింది. మిగతా పదహారు గేదెల ఫలితాలు బాగున్నాయి. అవి చూపించి ఊరుకోవచ్చు. డాక్టరుగారు కూడా అదే అన్నాడు. కానీ నేను మొదట పొర్లడం సంగతి చెప్పాను. అధ్యక్షుణ్ణి ఉద్దేశించి, "మీరు మెచ్చుకున్న ఆ పేరా కూడా తప్పేనండీ," అన్నాను. ఆయన నివ్వెరపోయి చూశాడు. పక్కన ఒక పెద్దాయన, రైతు కుటుంబం వాడట, బల్ల మీద చరిచి మరీ నవ్వాడు. ఆ నవ్వు గదంతా పాకింది. పరిశోధన కొనసాగించమన్నారు, గేదెల సంఖ్య పెంచమన్నారు. పట్టికలోని మాటలు రైతుల భాషలోనే ఉండాలని నేను పెట్టిన షరతు కూడా రాసుకున్నారు.

పిల్లలూ, మీరు రేపు ఏ యంత్రానికో పాఠం చెబుతారు. అది మీకంటే బుద్ధిమంతురాలు, చెప్పిన తప్పును కూడా పొల్లుపోకుండా నేర్చుకుంటుంది. మీకు బాగా తెలుసనుకున్న మాట దగ్గరే ఒకసారి ఆగి, ఆ మాట అన్నవాళ్ల ఇంటికి వెళ్లి అడగండి. బస్సు చార్జీ తప్ప మీకు పోయేదేమీ లేదు. నేను పేటలో పుట్టానన్న గర్వంతో ఏడాది పోగొట్టుకున్నాను. మా విద్యార్థిని మాత్రం తెలియదన్న భయంతో సరైన ప్రశ్న అడిగింది.

సూది వేసిన డెబ్బయ్యో రోజున మళ్లీ వెళ్లాం. విద్యార్థిని కూడా వచ్చింది. వాకిట్లో పదిమంది గుమిగూడారు. గేదె వీపు మీద తడి గోతాం ఉంది. పక్కన రెండు డ్రమ్ములు, సగం దాకా నీళ్లు. భర్త అందరికీ దూరంగా, వీధి వైపు తిరిగి మంచం మీద కూర్చున్నాడు. ఇటు చూడనే లేదు.

డాక్టరుగారు తొడుగు వేసుకున్నాడు. చెయ్యి లోపలికి పెట్టి కళ్లు మూసుకున్నాడు. ఎంతసేపు అలా నిలబడ్డాడో! ఆవిడ నా మణికట్టు పట్టుకుంది. గాజులు నొక్కుకుని నొప్పి పుట్టినా కదల్లేదు.

"చూడే," అన్నాడు.

"సార్, ఇంకోసారి చూడండి సార్," అంది ఆవిడ.

ఆయన విసుక్కోకుండా మళ్లీ చూశాడు. "చూడేనమ్మా. రెండు నెలలు దాటింది. అనుమానం లేదు." నా వైపు తిరిగాడు. "మీ యంత్రం గెలిచిందండీ. నేను ఓడిపోయాను," అన్నాడు. ఆయన నోటి నుంచి వచ్చిన ఆ మాట నాకు ఏ అవార్డుకూ తీసిపోదు. విద్యార్థిని ఏడుస్తోంది. నేనూ ఏడుస్తున్నాను, గట్టిగా, సిగ్గు లేకుండా.

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని వీధి వైపు కేకేసింది. "ఏమయ్యో, విన్నావా? ఆ లారీ అతనికి ఫోన్ చెయ్. ఇక మన గుమ్మంలోకి రావద్దని చెప్పు."

ఆయన ఇటు తిరగకుండానే జవాబిచ్చాడు. "ఎప్పుడో చెప్పా. సూది వేసిన రోజు సాయంత్రమే చెప్పా."